మీసానికి డార్విన్ సాక్ష్యమా?

మగవాడికి మీసం, ఆడదానికి నున్నని ముఖం: ఇది ప్రకృతి చేసిన పంపకమట. మన సంఘాల కూటాల్లో ఈ మాట విని విని చెవులు తుప్పుపట్టాయి. ఒకప్పుడు దీనికి శాస్త్రాలను సాక్ష్యం పిలిచేవారు. ఇప్పుడు డార్విన్‌ను పిలుస్తున్నారు. పిలిచేవాళ్లు ఆయన్ని చదివినట్టు లేదు.

మనిషి పుట్టుక గురించి 1871లో వెలువడిన గ్రంథంలో డార్విన్ ఒక ఊహ చేశాడు. ఒంటిమీది రోమం మొదట ఆడవాళ్లలో అందం కోసం తగ్గిందని, ఆ గుణం తరువాత మగవాళ్లకూ కొంత సంక్రమించిందని, గడ్డం మగవాళ్ల ఆభరణమని. తరువాతివాళ్లు చెమట ఆరి ఒళ్లు చల్లబడటానికి రోమం తగ్గిందన్నారు. పేలూ పిడుదుల బెడద తప్పడానికని 2003లో పేగెల్, బాడ్మర్ అన్నారు. సరే, మన కరిసల్ చేలల్లో పత్తి ఏరే ఆడమనిషికీ అరక తోలే మగమనిషికీ ఎండ ఒకటే కదా! పేలు కూడా ఆడా మగా చూసి కుట్టవు. ఇద్దరి మధ్య తేడాకు ఇవి చాలవు. మిగిలేది జతను ఎంచుకోవడం, జతకోసం పోటీపడటం. గడ్డమున్న ముఖం చూసినవాళ్లు వయసు ఎక్కువని, దబాయించే రకమని అనుకుంటారట. అందమా అంటే పరిశోధనలు ఒక మాట మీద లేవు. 2014లో ఆస్ట్రేలియావాళ్లు చేసిన పరీక్షలో, గడ్డాలు అరుదైనచోట గడ్డానికి మార్కులు పెరిగాయి, అన్నీ గడ్డాలే అయినచోట నున్నని ముఖానికి పెరిగాయి. మీసం ఆడదాన్ని మెప్పించడంకన్నా తోటి మగవాణ్ణి బెదిరించడానికే ఎక్కువ పనికొచ్చిందని నా అభిప్రాయం.

ఇక వెంట్రుక కుదుళ్లు ఇద్దరికీ ఇంచుమించు సమానమే. ఈడు వచ్చినప్పుడు ఆండ్రోజెన్ హార్మోన్లు సన్నని నూగును ముదురు వెంట్రుకగా మారుస్తాయి. అవి ఆడవాళ్లలోనూ ఉన్నాయి, తక్కువ మోతాదులో. అందుకే పై పెదవిమీద నూగున్న పిల్ల లేని ఊరు లేదు. నున్నదనం ప్రకృతిదే అయితే పసిదానికి నలుగు ఎందుకు, పెద్దదానికి కస్తూరి పసుపు ఎందుకు, కోవిల్‌పట్టి పార్లర్లలో ఆ దారం పని ఎందుకు? పిల్లను చూడవచ్చి, కాఫీ తాగి, "మీసముంది" అని వాకిట్లోనే అనిపోయిన పెద్దలను నేనెరుగుదును. లోపల పిల్ల వింటూనే ఉంది.

మెక్సికోలో పుట్టిన జూలియా పస్త్రానా గడ్డాన్ని గురించి డార్విన్ 1868లో రాశాడు. ఆమెను బతికినన్నాళ్లూ దేశదేశాల్లో డబ్బుకు చూపించారు. 1860లో చనిపోతే శవానికి మందు ఎక్కించి మళ్లీ చూపించారు. 2013లో గాని ఆమెకు మట్టి దక్కలేదు.

మగవాడి మీసమైనా ప్రకృతి చేతిలో ఉందా? మన ఎట్టయాపురమే చూడండి. ఏలిన తెలుగు నాయకర్లకు మీసం పరువు. అదే ఊళ్లో 1882లో బ్రాహ్మణ ఇంట పుట్టిన భారతికి అది ఆచారభంగం. ఆయన కాశీ వెళ్లి మీసం పెంచాడు, తలపాగా చుట్టాడు. గుజరాత్‌లో 2017లో మీసం ఉంచుకున్నందుకు దళిత యువకులను కొట్టారు. ఆ కొట్టినవాళ్లు ఏ పరిణామ సిద్ధాంతం చదివి కొట్టారు?

పిల్లల పెదవులు పరీక్షించే పెద్దల ఇళ్లకూ ఈ పత్రిక వెళుతుందని తెలిసే రాస్తున్నాను. జవాబుంటే వచ్చే సంచికకు రాయండి.