రోడ్లు మూశారు సరే, వంటిల్లు ఎప్పుడు మూస్తారు?

“పొద్దస్తమానం ఇంట్లో తిరుగుతూనే ఉంటావు కదా, నీకు మళ్ళీ వాకింగ్ ఎందుకు?”

ఈ మాట వినని ఆడమనిషి ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. నాకు తెలిసి ముగ్గురు అన్నారు. నంద్యాలలో డాక్టరమ్మ షుగరు అంచు మీద ఉంది, రోజుకో అరగంట గట్టిగా నడవమందని చెప్పినప్పుడు మావారు అన్నారు. మబ్బులోనే లేచి బూట్లేసుకుని మా మహానంది రోడ్డు పట్టినప్పుడు అరటితోట కాడ నిలబడ్డ పెద్దాయన అన్నాడు. “ఏం తల్లీ, ఇంట్లో పనేం లేదా?” అని కూడా కలిపాడు. మూడోసారి అన్నది ఎవరో కాసేపాగి చెప్తాను. అది చెప్పుకోవడం నాకంత సులువు కాదు.

కిందటేడు ఆగస్టులో హైదరాబాదులో తమ్ముడింటికి వెళ్ళాను. వాడు మారథాన్ మనిషి. హైదరాబాద్ మారథాన్ గురించి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 2007లో పరుగు సరదా ఉన్నవాళ్ళు కొందరు హైదరాబాద్ రన్నర్స్ అని చేరారు, 2011లో తొలి మారథాన్ పెట్టారు. కొన్నేళ్ళు ఎయిర్‌టెల్ పేరుతో నడిచింది, ఇప్పుడు ఎన్‌ఎండీసీ పేరుతో నడుస్తోంది. నెక్లెస్ రోడ్డులో మొదలై, తీగల వంతెన దాటి, గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. మొత్తం 42.195 కిలోమీటర్లు. అంత ఓపిక లేనివాళ్ళకి సగం దూరం, పది కిలోమీటర్లు, ముందురోజు అయిదు కిలోమీటర్ల సరదా పరుగు కూడా ఉన్నాయి. అన్నీ కలిపి పరుగెత్తేవాళ్ళు ఇప్పుడు ఇరవై వేలు దాటిపోయారు. దారంతా ఫ్లైఓవర్లు ఎక్కడం, దిగడం. పైన ఆగస్టు ఉక్క. కష్టమైన పరుగే, కాదనను.

అయితే ఆ కష్టం ఒక్క మనిషిది కాదని ఆ ఇంట్లో నాలుగు రోజులుంటే తెలిసింది. తమ్ముడు నాలుగు నెలల ముందు నుంచీ తయారవుతాడట. వాడి పరుగు టైంటేబులు ఫ్రిజ్ మీద అతికించి ఉంది. ఆ పట్టికను బట్టే ఇల్లు తిరుగుతుంది. ఆదివారం వాడు ముప్ఫై కిలోమీటర్లు పరుగెత్తాలంటే శనివారం రాత్రి ఎనిమిదికల్లా వంటయిపోవాలి. మూడింటికి వాడు లేస్తే వాడికంటే పదినిమిషాల ముందు మా మరదలు లేవాలి. కోడిగుడ్లు, అరటిపండు, బీట్‌రూట్ రసం. వాడు తిరిగొచ్చాక చెమట బట్టలు వేరే నానబెట్టాలి. పిల్లలు గోల చెయ్యకూడదు, ఎందుకంటే నాన్న కాళ్ళకి విశ్రాంతి కావాలి. అన్నట్టు ఆ పట్టికలో వారానికి రెండు రోజులు ‘రెస్ట్’ అని రాసి ఉంది. ఎర్రసిరాతో, కింద రెండు గీతలు గీసి మరీ.

పరుగు రోజున వాడు మెడలో మెడల్‌తో వచ్చి సోఫాలో వాలాడు. నాలుగు గంటల యాభై నిమిషాలు పట్టిందట. ఫోనులో శుభాకాంక్షలే శుభాకాంక్షలు. నాకూ గర్వంగానే ఉంది, ఎంతైనా తోడబుట్టినవాడు. ఆ మధ్యాహ్నం మరదలు గ్యాస్ పొయ్యి తుడుస్తోంది. చేతిలో గుడ్డ చూస్తే కొత్త టీషర్టులా ఉంది. విప్పి చూశాను. రెండేళ్ళ కిందటి మారథాన్‌ది, ఆడవాళ్ళ సైజు.

“ఇదెవరిది మే?” అన్నాను.

“నాదే వదినా. ఆ యేడు పది కిలోమీటర్లకి నేనూ డబ్బు కట్టినాను. ముందురోజు పిల్లోడికి జ్వరమొచ్చింది కదా. మీరే ఫోన్లో అన్నారు.”

మూడోసారి ఆ మాట అన్నది నేనే. ‘జ్వరంలో ఉన్న పిల్లోణ్ణి వదిలి పరుగేంది మే, ఇంట్లో పని చాలదా?’ అన్నానట. అన్నానని నాకు గుర్తు కూడా లేదు. ఆ రోజు తమ్ముడు మాత్రం వెళ్ళాడు. జ్వరం ఇద్దరి బిడ్డకీ వచ్చింది, పరుగు ఒకరిదే ఆగింది. నువ్వు వెళ్తావా, నేను వెళ్ళనా అనే చర్చే ఆ ఇంట్లో జరగలేదు. మా మరదలు కాలేజీలో ఖోఖో ఆడిన పిల్ల అని చెబితే మీకింకా కడుపు మండుతుంది.

అందుకే ఈ మారథాన్ ఏటేటా ఎంత పెరిగిందో పేపర్లో చదివినప్పుడల్లా నాకొక లెక్క అడగాలనిపిస్తుంది. ఇన్ని వేలమంది పరుగెత్తారు సరే, వాళ్ళు పరుగెత్తడానికి ఎంతమంది మూడింటికి లేచారు? ఆ లెక్క ఎవరి దగ్గరా ఉండదు. ఉన్న లెక్క ఒకటుంది, అది సర్కారుదే. దేశమంతా మనుషులు రోజులో ఏ పనికి ఎంతసేపు పెడుతున్నారో 2024లో సర్వే చేశారు. ఇంటిపని చేసే ఆడవాళ్ళు సగటున రోజుకి 289 నిమిషాలు ఆ జీతం లేని పనిలోనే ఉంటున్నారు. ఇంటిపని చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. 289 నిమిషాలంటే ఒక్క నిమిషం తక్కువ నాలుగు గంటల యాభై. మా తమ్ముడి మారథాన్ టైమంత!

ఇక్కడే ఎవరో ఒకరు, “చూశారా, ఆడవాళ్ళు రోజూ మారథాన్ చేస్తూనే ఉన్నారు, వాళ్ళకి దండం పెట్టాలి” అంటారు. ఆ దండం నాకొద్దు. మహిళా దినోత్సవం రోజు ఫోనుకొచ్చే బొమ్మల్లో ఉండేది ఈ దండమే. మన చాకిరీకి మారథాన్ అని పేరు పెట్టి పొగిడితే ఇక మనం నిజం మారథాన్ అడగమని వాళ్ళ ధీమా. ఇంటిపనే వ్యాయామం అయితే నాకు షుగరు అంచుకెందుకొచ్చింది? మా అత్తగారి మోకాళ్ళు అరవై కూడా నిండకుండా ఎందుకు అరిగాయి? వంగి ఊడ్చి, నిలబడి వండి, కూర్చుని తోమితే నడుము పోతుంది గానీ గుండె గట్టిపడదు. తయారీకి ఒక పద్ధతుంటుంది. కొంచెంకొంచెం పెంచాలి, మధ్యలో ఆగాలి. మన పట్టికలో ఆ ఎర్రసిరా ‘రెస్ట్’ ఏ వారం ఉంది?

ఇంకో వాదన కూడా ఉంది. ‘ఎవరొద్దన్నారు? రావాలనుకుంటే రావచ్చు కదా.’ నిజమే, ఇప్పుడు గేటు దగ్గర ఎవరూ ఆపరు. ఒకప్పుడు ఆపారు. 1967లో అమెరికాలో బోస్టన్ మారథాన్‌లో క్యాథరిన్ స్విట్జర్ అనే అమ్మాయి కె.వి.స్విట్జర్ అని పొడి అక్షరాలతో పేరిచ్చి పరుగెత్తుతుంటే, నిర్వాహకుడొకాయన దారిలో మీద పడి ఆమె నంబరు చీటీ లాగేయబోయాడు. ఆడవాళ్ళు పరుగెత్తితే గర్భసంచి జారిపోతుందని చెప్పేవారట అప్పట్లో. బోస్టన్‌లో ఆడవాళ్ళని అధికారికంగా రానిచ్చింది 1972లో. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ మారథాన్ పెట్టడానికి 1984 దాకా పట్టింది. ఆ పెద్దమనిషి కనీసం రోడ్డు మీద, అందరూ చూస్తుండగా ఆపాడు. ఫొటోలున్నాయి. మా మరదల్ని ఆపినప్పుడు ఏ ఫొటో లేదు. ఆపినది కూడా తనని ప్రేమించే వాళ్ళమే.

మా ఊరి సంగతి చెప్తాను. కార్తీకమాసంలో మహానందికి వచ్చే ఆడవాళ్ళని చూడండి. నంద్యాలలో ప్రథమనందితో మొదలుపెట్టి తొమ్మిది నందులూ ఒక్కరోజులో చుట్టొస్తారు కొందరు. చల్లటి తెల్లారుజామున మా కోనేట్లో మునిగి, తడి తలతోనే నడక. ఉగాది ముందు కన్నడ దేశం నుంచి మల్లన్న కోసం నల్లమల అడవిలో పడి శ్రీశైలానికి నడిచిపోయేవాళ్ళలో ముసలమ్మలున్నారు, చంకన బిడ్డలున్న తల్లులున్నారు. వాళ్ళనెవరూ “ఇంట్లో పనేం లేదా?” అనరు. పైగా మజ్జిగ పోసి, కాళ్ళకి మొక్కుతారు. మేం చిన్నప్పుడు బిందెలు చంకనేసుకుని మైళ్ళు నడిచినా ఎవరూ అడ్డు చెప్పలేదు. దేవుడి కోసం, నీళ్ళ కోసం, మొగుడి సద్ది కోసం, పిల్లల బడి కోసం ఎంత దూరమైనా నడవచ్చు. ‘నా కోసం’ అని ఒక అరగంట నడిస్తే మాత్రం తోటకాడ పెద్దాయనకి అనుమానం వస్తుంది. ఎవరి పేరూ పెట్టుకోకుండా నడిచే ఆడదాని కాళ్ళంటే ఈ లోకానికి ఎందుకో భయం.

మారథాన్‌ని తిట్టడం నా ఉద్దేశం కాదు. అక్కడ అయిదు కిలోమీటర్ల పరుగు చూడటానికి హైటెక్స్‌కి వెళ్ళాను. బొట్టూ జడతో, చుడీదార్‌కి బూట్లేసుకుని నావయసు వాళ్ళెందరో! 2017లో ఒకావిడ ఇదే హైదరాబాద్ మారథాన్‌లో చేనేత చీర కట్టుకుని పూర్తి 42 కిలోమీటర్లు పరుగెత్తింది. అలాంటివాళ్ళని చూశాకే నాకూ ఆశ పుట్టింది. ఆ పరుగు లేకపోతే ఈ ఆశే లేదు. కానీ తెల్లారుజాము నుంచి పోలీసులు నిలబడి అంత పెద్ద పట్నంలో రోడ్లు మూశారు. బస్సులు దారి మార్చుకున్నాయి, కార్లవాళ్ళు విసుక్కుంటూనే ఆగారు. ఒక్క ఆదివారం పూట ఇంత నగరం సర్దుకోగలిగినప్పుడు, ఒక్క ఇంట్లో ఒక్క వంటిల్లు ఒక పూట ఎందుకు మూతపడదు? మూస్తే ఆకలితో పోతారా ఎవరైనా?

ఊరికొచ్చాక నేను నడక మానలేదు. మావారు మొదట రెండు వారాలు కాఫీ ఆలస్యమైందని ముఖం మాడ్చుకున్నారు. మూడోవారం పాలు ఆయనే కాచారు. పొంగించారనుకోండి, అది వేరే సంగతి. తోటకాడ పెద్దాయన ఇప్పుడు ఏమీ అడగడం లేదు, టైమెంతయిందని మాత్రం అడుగుతున్నాడు.

తమ్ముడికి ఫోన్ చేసి గట్టిగానే అడిగాను. ముందు “అక్కా, నేనేమైనా వద్దన్నానా?” అన్నాడు. వద్దనలేదు నాయనా, నేనూ అన్నానా అన్నది గుర్తులేని మనిషినే అన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు వాడు. ఈ ఆగస్టుకి శనివారం నాది అయిదు కిలోమీటర్లు, ఆదివారం మరదలిది పది. ఆ ఆదివారం తమ్ముడు పరుగెత్తడం లేదు, పిల్లలతో ఇంట్లో ఉంటాడు. ఇప్పుడు ఫ్రిజ్ మీద మరదలి పట్టిక ఉంది.

మేమొచ్చేసరికి ఉగ్గాని చేసి పెడతానన్నాడు. ఫోన్లోనే నేర్పిస్తున్నా. బొరుగులు నీళ్ళల్లో వేసిన వెంటనే పిండెయ్యాలిరా, నానితే ముద్దవుతుంది అని ఇప్పటికి మూడుసార్లు చెప్పాను.