బీడు మూగది కాదు

"నిర్ణాలో రికార్డు చేయడానికి ఏముందండీ? అడవి ఉందా, జలపాతముందా?" అని ఒక సాహితీ మిత్రుడు నవ్వారు. ప్రకృతి ధ్వనులను రికార్డు చేసి, వాటితోనే సంగీతం కూర్చే పద్ధతి గురించి నేను చెప్పినప్పుడు వచ్చిన నవ్వు అది. దానికే ఈ జవాబు.

నేను బి.కాం. చదివిన బ్యాంకు ఉద్యోగిని. రాగతాళాలు తెలియవు, జమాఖర్చులు తెలుసు. ఈ పద్ధతి నిన్న మొన్నటి మోజు కాదు. 1948లోనే పారిస్‌లో, ఫ్రెంచి రేడియోలో పనిచేసే పియెర్ షఫేర్ రైళ్ల చప్పుళ్లతో ఒక రచన కూర్చారు. మన దేశంలో 1969లోనే అహ్మదాబాదు జాతీయ డిజైన్ సంస్థలో ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియో వెలసింది. 1992లో హిల్డెగార్డ్ వెస్టర్‌కాంప్ కెనడాలోని కార్మానా లోయ ధ్వనులతో 'బినీత్ ది ఫారెస్ట్ ఫ్లోర్' కూర్చారు. కాకి జాతి పక్షి అరుపును బాగా నెమ్మది చేస్తే అది నేల లోపలి నగారాలా మోగింది. అడవులు నరుకుతున్న రోజుల్లో ఆ లోయ తరఫున పలికిన సాక్ష్యం అది.

"అవి వెయ్యేళ్ల చెట్లు, మనవి తుప్పలు" అంటారా? మన బీదరు జిల్లా గడ్డి బీళ్లలో కృష్ణజింకలు తిరుగుతాయి. తీతువు కేక, కౌజుపిట్టల పిలుపు, ఎండిన జొన్న ఆకుల గలగల, కంది కాయల్లో గింజల సవ్వడి ఉన్నాయి. వేగం సగానికి తగ్గిస్తే శ్రుతి ఒక స్థాయి దిగుతుంది. అప్పుడు ఆ గలగలలో ఏముందో విన్నారా? వినకుండానే లేదంటే ఎలా?

సర్కారు లెక్కల్లో తుప్పల నేలకు పేరు 'వేస్ట్‌ల్యాండ్'. భూమికి విలువ కట్టే మా కాగితాల్లోనూ పిట్ట కూతకు గడి లేదు. పనికిరానిదని రాసిన నేలను ఎవరికి అప్పగించినా అడిగేవాడుండడు. 1956లో మైసూరు రాష్ట్రంలో కలిసిన మన బీదరు తెలుగునూ ఇలాగే కన్నడం, ఉర్దూ కలిసిన కలగాపులగమని తోసిపుచ్చారు. వినని చెవికి ఏదైనా బీడే. ఆ బాధ తెలిసిన మనమే నేలను అదే మాట అనడం న్యాయమా?

మరో మాట. ధ్యానం కోసమని అమ్మే 'ప్రకృతి ధ్వనుల'లో వాగు ఉంటుంది, దాని ఊరు ఉండదు. సొమ్మొకడిది, సోకొకడిది. మన కుర్రవాళ్లు ఆ దారి పట్టవద్దు. చేతిలోని ఫోనుతోనే మొదలుపెట్టండి. ఊరు, తేదీ, వేళ రాసుకోండి. పిట్టను మనవాళ్లు పిలిచే పేరు రాసుకోండి. కూర్చిన రచనను పట్నం సభ కంటే ముందు ఆ ఊరి రచ్చకట్ట దగ్గర వినిపించండి. "ఇది మా చేనే" అని ఒక్క రైతైనా అనకపోతే, ఎంత గొప్ప యంత్రం వాడినా అది తప్పుడు పద్దే.

నవ్విన మిత్రులకు ఒకటే మనవి. ఒక్క తెల్లవారుజామున నిర్ణా పొలిమేరలో నిలబడండి. మాట్లాడకండి, వినండి. నవ్వాలో వద్దో ఆ తర్వాత చెప్పండి.