ఒంటరితనం పెద్దవాళ్ళ చేతకానితనమా?

కరోనా రోజుల్లో ముసలివాళ్ళ ఒంటరితనం గురించి మాట్లాడిన డాక్టర్లు, ప్రవచనకారులు, టీవీలో కనిపించిన నిపుణులు, ఆఖరికి కన్న పిల్లలు, దాదాపు అందరూ ఒకే మాట చెప్పారు. మనసును దారిలో పెట్టుకోవాలి. ధ్యానం చేసుకోవాలి, జపం చేసుకోవాలి, మొక్కలు పెంచుకోవాలి, వార్తలు తక్కువ చూడాలి, పిల్లలతో వీడియో కాల్‌లో మాట్లాడుకోవాలి. ఇన్ని చెప్పాక కూడా దిగులు పడుతున్నారంటే లోపం వాళ్ళ మనోబలంలోనే ఉందన్న తీర్పు, పైకి అనకపోయినా, చెప్పేవాళ్ళ గొంతులో వినిపించేది. వాళ్ళు మనవాళ్ళ మంచి కోరే చెప్పారు, అందులో సందేహం లేదు. కానీ ఆ ఆలోచనే తప్పు. ఇవాళ్టికీ అదే చెల్లుబాటు అవుతోంది కాబట్టి ఇప్పుడైనా కాదని చెప్పాలి.

పెద్దవాళ్ళకు 2020లో వచ్చిన ఒంటరితనాన్ని తెచ్చిపెట్టింది మన నిర్ణయాలు. అరవై, అరవై అయిదు దాటినవాళ్ళు కొన్ని వారాలు ఇల్లు కదలొద్దని మార్చి 22 జనతా కర్ఫ్యూకి ముందే ప్రధాని కోరారు. మే నెల వచ్చేసరికి అది కేంద్ర హోంశాఖ ఉత్తర్వుల్లోకి ఎక్కింది: 65 దాటినవాళ్ళు, గర్భిణులు, పదేళ్ళలోపు పిల్లలు అత్యవసరమైతే తప్ప గడప దాటకూడదు. జూన్ 11న తిరుమలలో సామాన్య భక్తులకు దర్శనం మళ్ళీ మొదలైనప్పుడు కూడా 65 దాటినవాళ్ళను రానివ్వలేదు. వైరస్ ఎక్కువగా పొట్టన పెట్టుకున్నది పెద్దవాళ్ళనే. ఆ భయం నిజం, ఆ జాగ్రత్తా అవసరమే. మూసిన ప్రతి తలుపుకీ బదులుగా వాళ్ళకు ఏం తెరుస్తున్నామని ఎవరూ అడగలేదే, అది నా అభ్యంతరం. కొన్ని వారాలకని చెప్పిన కట్టడిని నెలల తరబడి సాగదీశాం. దాన్ని భరించే పని మాత్రం వాళ్ళకే వదిలేశాం.

వాళ్ళకు ఏం పోయిందో చూడండి. మన చిన్న పట్టణాల్లో రిటైరైన మాస్టారు పొద్దున్నే శాఖా గ్రంథాలయానికి వెళతాడు. పేపరు ఇంటికీ వస్తుంది. అయినా వెళ్ళేది ఎందుకంటే నిన్నటి వాదన అక్కడ సగంలో ఆగి ఉంటుంది. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి బ్యాంకుకి వెళ్ళిన పెన్షనరు పది నిమిషాల పనికి పూటంతా అక్కడే ఉంటాడు, పాత ఆఫీసు మనుషులు ఆ రోజు అక్కడే దొరుకుతారు కాబట్టి. పల్లెలో అయితే టీ బడ్డీ, పాల కేంద్రం, రచ్చబండ.

ఆడవాళ్ళ సంగతి ఇంకా కష్టం. భర్త పోయిన ఆడమనిషి ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా ఇంట్లోంచి బయటపడగలిగే చోటు చాలా ఊళ్ళలో గుడి ఒక్కటే. సాయంత్రం భజనకని, శనివారం ప్రదక్షిణాలకని, కార్తీకంలో దీపాలు పెట్టడానికని వెళుతుంది. అక్కడ అరుగు మీద కూర్చుని కోడలి మీద చెప్పుకోవలసిన నాలుగు మాటలు చెప్పుకుంటుంది, పక్కావిడ చెప్పే నాలుగు వింటుంది. ఇంటికొచ్చి మళ్ళీ అదే కోడలితో సఖ్యంగా ఉండగలగడానికి ఆ గంటసేపే ఆధారం. గుడి మూసేస్తే ఇంట్లో దేవుడి పటం ముందు కూర్చోమన్నాం. పటం ఆమెకు ముందునుంచీ ఉంది. పోయింది అరుగు.

రెండో వాదన ఉమ్మడి కుటుంబానిది. పిల్లల దగ్గరుంటే ఈ బాధే ఉండేది కాదంటారు. లాక్‌డౌన్‌లో ఇంటిల్లిపాదీ ఇంట్లోనే ఉన్నారు కదా, మరి ఏం జరిగింది? హైదరాబాదులో రెండు పడగ్గదుల ఫ్లాటు. ఒక గదిలో కొడుకు ఆఫీసు మీటింగులో, ఇంకో గదిలో మనవరాలు ఆన్‌లైన్ క్లాసులో, పనిమనిషి రాక కోడలు వంటింటికీ లాప్‌టాప్‌కీ మధ్య పరుగులో. తాతకి మిగిలింది బాల్కనీలో కుర్చీ. టీవీ సౌండు తగ్గించమంటారు. దగ్గితే అందరూ తలెత్తి చూస్తారు. అలా నిండిన ఇంట్లో పగలంతా పలకరింపు లేకుండా గడిపిన పెద్దవాళ్ళను నేను ఎరుగుదును. పల్లెలో ఒక్కతే ఉంటూ పెరటి గోడ మీంచి పక్కింటావిడతో రోజూ మాట్లాడుకున్న ముసలమ్మ వాళ్ళకంటే కులాసాగా ఉంది. ఇందులో కొడుకు, కోడలు చెడ్డవాళ్ళని నేననడం లేదు. వాళ్ళ ప్రాణం వాళ్ళకే చాలడం లేదు. ఊరంతా కలిసి ఇచ్చే తోడును ఒక ఇల్లు ఒంటిచేత్తో ఇవ్వాలనడమే అన్యాయం.

ఇక వీడియో కాల్. విమానాలు ఆగిపోయి, అమెరికాలో పిల్లలు, గుంటూరులోనో విజయవాడలోనో తల్లిదండ్రులు చిక్కుకుపోయిన ఆ నెలల్లో దాని విలువ నేను కాదనను. కానీ కంట్లో శుక్లాలు, వాటి ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. చెవి సరిగా వినపడదు. ఫోను కలిపి ఇవ్వాల్సిన మనవడు అదే ఫోనులో పాఠం వింటున్నాడు. వీటన్నిటికంటే పెద్ద లోపం ఇంకొకటి ఉంది. తిన్నావా, మందులేసుకున్నావా, బయటికి వెళ్ళలేదు కదా? రోజూ ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పడం తప్ప ఆ కాల్‌లో పెద్దవాళ్ళకు పనేమీ లేదు. అదే ఆ వేసవిలో, ఇండియా నుంచి ఆవకాయ జాడీ వచ్చే దారి లేక, ఆవపిండి ఎంత, కారం ఎంత, ఉప్పు ఎంత అని కూతురు అడిగిన రోజున ఆ తల్లి మాట్లాడిన తీరే వేరు. కేకలేసింది, తప్పులు పట్టింది, నూనె చాలలేదంది, మర్నాడు మళ్ళీ తనే ఫోను చేయించుకుని ఊట ఎలా ఉందో అడిగింది. ఆమెకు ఆ రోజు ఓదార్పు ఎవరూ చెప్పలేదు. ఆమెతో అవసరం పడింది, అంతే.

సరిగ్గా జరిగిందీ ఒకటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 ఫిబ్రవరి నుంచి వాలంటీర్లు పింఛను ఇంటికి తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టారు, ఊళ్ళలో యాభై ఇళ్ళకు ఒకరు చొప్పున. ఆ వ్యవస్థ మీద రాజకీయంగా ఎన్ని వాదనలైనా ఉండనీ, లాక్‌డౌన్‌లో ఒకటో తారీఖున గడపలోకి వచ్చి పేరు పెట్టి పిలిచి 2,250 రూపాయలు చేతిలో పెట్టిన మనిషి ఉన్నాడు. వచ్చే నెల మళ్ళీ వస్తాడని తెలుసు. తాళం వేసి ఉంటే ఎందుకు వేసి ఉందని అడిగేవాడు ఒకడున్నాడు. నూరు ధ్యానం వీడియోలు ఇవ్వలేని భరోసా అది.

కట్టడి పోయాక కూడా పెద్దవాళ్ళకు తిరిగి రానివి ఉన్నాయి. అరవై దాటిన మగవాళ్ళకు 40 శాతం, 58 దాటిన ఆడవాళ్ళకు 50 శాతం ఉండిన రైలు టికెట్ రాయితీని 2020 మార్చి 20న ఆపేశారు. పెద్దవాళ్ళు అనవసరంగా ప్రయాణాలు పెట్టుకోకూడదన్నది అప్పుడు చెప్పిన కారణం. కరోనా తగ్గింది, రైళ్ళన్నీ పట్టాలెక్కాయి, రాయితీ మాత్రం ఏళ్ళు గడిచినా రాలేదు. రాజమండ్రిలో ఉన్న చెల్లెల్ని చూడటానికి సికింద్రాబాదులో రైలెక్కే అక్క ఇప్పుడు పూర్తి ఛార్జీ కట్టాలి, లేదా కొడుకుని అడగాలి. అడగడం ఇష్టంలేక మానుకున్నవాళ్ళు ఎందరో. ఆ రాయితీని తిరిగి ఇవ్వాలి. ఇంకో మహమ్మారి వస్తే పార్కుల్లో పొద్దుటి రెండు గంటలు, గుళ్ళలో ఒక పూట, గ్రంథాలయం వరండాలో దూరం దూరంగా నాలుగు కుర్చీలు పెద్దవాళ్ళకే కేటాయించే ఉత్తర్వు, ఇంట్లో ఉండమనే ఉత్తర్వుతో పాటే, అదే రోజున రావాలి.