ఖాళీలు వదిలిన లోకం

బల్ల చుట్టూ నలుగురైదుగురు చేరి, కాగితమూ పెన్సిలూ పాచికలూ ముందు పెట్టుకుని, కేవలం మాటలతో ఒక సాహసగాథను నడిపే ఆటలున్నాయి. వాటిలో పేరెన్నికగన్నది 1974లో అమెరికాలో వెలువడిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. ఆటగాళ్ళు కథానాయకులు. వారి చుట్టూ ఉన్న ఊళ్ళకూ రాజులకూ రాక్షసులకూ గొంతునిచ్చేవాడు డంజన్ మాస్టర్. అచ్చయిన లోకాన్ని కొనుక్కోకుండా అతడు తన లోకాన్ని తానే కల్పించుకుంటే దాన్ని 'హోమ్‌బ్రూ' అంటారు. మనం ఇంటివంట అనుకుందాం.

ఈ ఇంటివంట విషయంలో నాకొక గట్టి అభిప్రాయం ఉంది. లోకం మొత్తం సిద్ధమయ్యాకే ఆట మొదలుపెట్టాలనుకునేవాడు ఆటను ఎన్నటికీ మొదలుపెట్టడు. మొదలుపెట్టినా ఎవరినీ ఆడనివ్వడు. వేయేళ్ళ వంశావళులు, దేవతల జాబితాలు, ఐదు ఖండాల పటాలు నవలాకారుడికి ఆస్తి. అతని పాత్రలకు అతని కలమే దిక్కు కదా! బల్ల దగ్గర కూర్చున్నవారు అలా కాదు. మీరు నెల రోజులు శ్రమించి తీర్చిదిద్దిన రాజధానికి రమ్మంటే, దారిలో కనిపించిన పడవవాడి వెంట పోతామంటారు. అప్పుడు పడవవాడికి ఒక పేరు పెట్టగలగడమే అసలు విద్య.

ఈ ఆట పుట్టుక కూడా అదే చెబుతుంది. 1970ల తొలినాళ్ళలో మినెసోటాలో డేవ్ ఆర్నెసన్ 'బ్లాక్‌మూర్' అనే లోకాన్ని నడిపాడు. అందులో ఒక ఆటగాడి పాత్ర 'సర్ ఫాంగ్' అనే రక్తపిశాచిగా మారి మిగతావారికి కొరకరాని కొయ్య అయింది. దాన్ని ఎదుర్కోవడానికే దైవబలంతో పోరాడే 'క్లెరిక్' పాత్ర పుట్టింది. నేటికీ ఆ ఆటలో అది నిలిచే ఉంది. విస్కాన్సిన్‌లో గ్యారీ గైగాక్స్ తన 'గ్రేహాక్' కోసం మొదట గీసినవి ఒక కోట కింది నేలమాళిగలే. తొలి ఆటగాళ్ళు ఆయన పిల్లలు. కొడుకు ఎర్నెస్ట్ పేరులోని అక్షరాలు తారుమారై 'టెన్సర్' అనే మాంత్రికుడిగా మంత్రాల పేర్లలో మిగిలాయి. ఆ లోకం పటంతో సహా అచ్చయింది 1980లో. పటం చివర వచ్చింది. మనుషులు ముందు వచ్చారు.

దీనికి ఎదురు ఉదాహరణ లేకపోలేదు. ఎడ్ గ్రీన్‌వుడ్ 'ఫర్‌గాటెన్ రెల్మ్స్'ను ఆట పుట్టకముందే, బాల్యంలోనే ఊహించాడు. కానీ 1987లో అచ్చయ్యేలోగా అది కూడా ఆయన ఆటబల్ల మీద ఏళ్ళ తరబడి నలిగింది.

మన కాశీమజిలీ కథలను తలచుకోండి. గోపుడు మజిలీలో చూసిన వింతను గురించి అడుగుతాడు. మణిసిద్ధుడు దాని కథ చెబుతాడు. అడిగేవాడు లేకపోతే కథే లేదు.

అయితే ఏమీ సిద్ధం చేసుకోవద్దా? చేసుకోవాలి, కానీ జరగబోయేది కాదు, జరగడానికి కారణాలు. ఒక ఊరు, ఒక చెరువు చాలు. తూము తాళం మోతుబరి చేతిలో ఉంది. దిగువ ఊరి పైరు ఎండుతోంది. కట్ట కింద ఏదో నిద్రపోతోందని ముసలివాళ్ళ నమ్మిక. ఆ ఏదో ఏమిటన్నది ఇప్పుడే తేల్చకండి. ఆటగాళ్ళ అనుమానాల్లో మీ ఊహకన్నా మంచిది దొరకవచ్చు.

ఒక్క నియమం మాత్రం తప్పకూడదు. బల్ల మీద ఒకసారి పలికింది శాసనం. మోతుబరిని వాళ్ళు చంపితే అతడు చచ్చినట్టే. మీ కథకు అతడు ఇంకా కావాలని బతికించారా, ఆ క్షణం నుంచి పాచికలు అలంకారం, స్నేహితులు శ్రోతలు.

వారానికొక పూట పనులు మానుకుని వచ్చేవాళ్ళు మన ఊహాశక్తిని మెచ్చుకోవడానికి రారు. తాము వేసిన అడుగుకు లోకం కదిలిందో లేదో చూడటానికి వస్తారు. కదిలే చోటు ఉంచడమే సృష్టికర్త మర్యాద.