అచ్చంపేటలో పది నిమిషాలు ఆగితే

నాగర్‌కర్నూల్ జిల్లాలో రైలు పట్టా లేదు. కల్వకుర్తి, అచ్చంపేట, కొల్లాపూర్, నాగర్‌కర్నూల్ పట్టణాలు నాలుగింటికీ ఆర్టీసీ డిపోలున్నాయి గానీ ఒక్కదానికీ రైల్వేస్టేషన్ లేదు. రైలెక్కాలంటే జడ్చర్లకో మహబూబ్‌నగర్‌కో పోవాలి. సొంత బండి లేని మనిషికి ఇక్కడ బస్సు తప్ప దిక్కులేదు. నా ఉద్యోగమంతా పాలమూరు (మహబూబ్‌నగర్) బస్సుల్లోనే గడిచింది. కండక్టరుగా చేరి, బస్టాండులో కంట్రోలరుగా రిటైరయ్యాను. ఆ అనుభవంతోనే ఈ మాట రాస్తున్నాను.

2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లాను విడదీసినప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లా కేంద్రమైంది. నల్లమలలో ఉన్న పదర, అమ్రాబాద్ వాళ్లకు కలెక్టరాఫీసు ఎంతో దగ్గరికొచ్చింది. 2022లో నాగర్‌కర్నూల్‌లోనే ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే ప్రజావాణికి పోయేది కూడా అక్కడికే. కానీ పదరలో ఎక్కిన మనిషి అమ్రాబాద్, మన్ననూర్ మీదుగా అచ్చంపేట చేరి, అక్కడ దిగి, నాగర్‌కర్నూల్ బస్సు కోసం చూడాలి. అంటే ఆ ప్రయాణానికి రెండు బస్సులు.

మొదటి బస్సు గురించి అందరూ మాట్లాడతారు. "మా ఊరికి బస్సు వేయండి" అని సర్పంచులు అర్జీలిస్తారు, ఎమ్మెల్యేలు కొబ్బరికాయ కొట్టి జెండా ఊపుతారు. రెండో బస్సు ఎన్నింటికి ఉంది, మొదటి బస్సు దిగేసరికి అది అక్కడ ఉంటుందా అని అడిగేవాళ్లు లేరు. పదర బస్సు తొమ్మిదింటికి చేరి, నాగర్‌కర్నూల్ బస్సు తొమ్మిదికి ఐదు నిమిషాల ముందు కదిలిందనుకోండి. కాగితం మీద రెండూ టైముకే నడిచాయి. అర్జీ పట్టుకొచ్చిన మనిషికి మాత్రం ప్రజావాణి దొరకదు, రోగికి ఓపీ దొరకదు.

ఇది లెక్కల్లో ఎందుకు కనబడదో చెబుతాను. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం 2023 డిసెంబరు 9న మొదలైంది. జీరో టికెట్ కొట్టినా ఎక్కిన స్టేజీ, దిగిన స్టేజీ మిషన్‌లో పడతాయి. పల్లె ఆడవాళ్లు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నారన్న లెక్క ఇంత వివరంగా మునుపెన్నడూ లేదు. అయితే పదరలో ఎక్కినామెకు అచ్చంపేట దాకా ఒక టికెట్, అక్కడ ఇంకో బస్సులో ఇంకో టికెట్. ఆ రెండూ ఒకే మనిషివని ఏ మిషనూ చెప్పదు. ఆమె అచ్చంపేటలో పనుండి దిగిందో, గంటన్నర బెంచీ మీద కూర్చుని మరో బస్సెక్కిందో ఏ రిపోర్టులోనూ ఉండదు. అది తెలిసేది బస్టాండులో ఉండే కంట్రోలరుకే. ఎందుకంటే ఆమె వచ్చి అడుగుతుంది: "నాగర్‌కర్నూల్ బస్సు పోయిందా సారూ?" నా ఉద్యోగంలో ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే. ఊరి పేరొక్కటే మారుతుంది.

డిపో మేనేజరు రోజూ చూసేవి ఈపీకే, ఓఆర్. అంటే కిలోమీటరుకు వచ్చిన రాబడి, నిండిన సీట్ల శాతం. పొద్దున బస్సుల్లో కాలు పెట్టే సందు ఉండదు. మధ్యాహ్నం అదే పల్లెవెలుగు బస్సు సగం ఖాళీగా తిరుగుతుంది. ఆ ట్రిప్పు తీసేసి ఆ కిలోమీటర్లు హైదరాబాద్ రూటుకు కలిపితే లెక్క బాగుపడుతుంది. మేనేజరును తప్పుపట్టడానికి లేదు, ఆయన పనిని కొలిచేది ఆ అంకెలతోనే. కానీ మధ్యాహ్నం ఇల్లు చేరే బస్సు లేదని తెలిసినవాడు పొద్దున బస్సు కూడా ఎక్కడు. షేరాటోలో పోతాడు, లేదా వాయిదాల మీద మోటారుసైకిల్ కొంటాడు. కొన్నాళ్లకు పొద్దుటి ట్రిప్పు ఓఆర్ కూడా పడిపోతుంది. నైట్ హాల్ట్ బస్సులదీ ఇదే కథ. రాత్రి ఊళ్లో ఆగి తెల్లారగట్ల బయల్దేరే ఆ బస్సు తీసేస్తే పొద్దున మొదటి కలయికే తెగిపోతుంది. అది మోసుకొచ్చే కాలేజీ పిల్లలకు తర్వాతి బస్సు అక్కరకు రాదు.

మన దగ్గర బస్సును మొదలుపెట్టింది రైల్వే వాళ్లేనని ఇప్పుడు చాలామందికి తెలియదు. 1932 జూన్‌లో నిజాం రైల్వేలో భాగంగా 27 బస్సులతో ఇప్పటి ఆర్టీసీ పుట్టింది. రైలూ బస్సూ ఒకే గొడుగు కింద ఉండేవి. ఒకదానితో ఒకటి కలవాలన్న ఆలోచన మనకు కొత్తదేమీ కాదు. స్విట్జర్లాండ్‌లో 1982 నుంచి దేశమంతటికీ ఇదే పద్ధతి పెట్టుకున్నారు. రైళ్లు గంట గంటకూ అదే నిమిషానికి వస్తాయి, కొండ ఊళ్లకు పోయే పసుపుపచ్చ పోస్టు బస్సులు స్టేషను ముందు వాటికోసం నిలబడి ఉంటాయి. అక్కడి డబ్బు మనకు లేకపోవచ్చు. టైం కలపడానికి కావలసింది మాత్రం డబ్బు కంటే ముందు పట్టుదల.

అచ్చంపేటతో మొదలుపెట్టమంటాను. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా ప్రతి బేసి గంటకూ అక్కడ బస్సులు కలవాలి. గంట కొట్టే లోపు పదర, అమ్రాబాద్, లింగాల, బల్మూరు, ఉప్పునుంతల, వంగూరు బస్సులు చేరాలి. పది నిమిషాలు ఆగి నాగర్‌కర్నూల్, కల్వకుర్తి బస్సులు కదలాలి. ఆ వెనకే పల్లె బస్సులు వెనక్కి తిరగాలి. ఏడు, తొమ్మిది, పదకొండు, ఒకటి, మూడు, ఐదు, ఏడు. చదువురాని ముసలమ్మకు కూడా టైంటేబుల్ గుర్తుంటుంది. ఒకే టికెట్ మీద రెండు బస్సులూ ఎక్కనివ్వాలి. అప్పుడు ఆ రెండు ప్రయాణాలూ ఒకటేనన్న సంగతి లెక్కలోకి ఎక్కుతుంది, మగవాళ్ల మీద రెండో టికెట్ భారమూ పడదు.

దీనికి ఖర్చు లేదని అనను. ప్రతి ట్రిప్పులోనూ బస్సు కాసేపు నిలబడుతుంది, రోజు కిలోమీటర్లు కొంత తగ్గుతాయి, డ్రైవరు డ్యూటీ కొంత సాగుతుంది. కొన్ని ఊళ్లకున్న ఒక్క హైదరాబాద్ డైరెక్టు బస్సును అచ్చంపేట దాకానే నడపాల్సి రావచ్చు. ఊరు గొడవ చేస్తుంది. అయినా రోజుకో డైరెక్టు బస్సు కంటే, రోజుకు ఏడుసార్లు నమ్మకంగా దొరికే బస్సే ఆ ఊరికి మేలని ఎవరితోనైనా వాదిస్తాను. ముసలివాళ్లనూ పచ్చి బాలింతలనూ బస్సు దించి మరో బస్సెక్కించడం కష్టమే. అందుకే కలిసే బస్సులు పక్కపక్క ప్లాట్‌ఫారాల మీద నిలబడాలి, నీళ్లూ మరుగుదొడ్డీ పనిచేస్తూ ఉండాలి.

"ముందు బస్సులు పెంచండి" అంటారు. పెంచాల్సిందే, ఉచిత ప్రయాణం వచ్చాక రద్దీ అలా ఉంది. కానీ కొత్త బస్సు కూడా ఐదు నిమిషాల తేడాతో పాత బస్సును తప్పిపోతే ఆ డబ్బు రోడ్డు మీద పోసినట్టే. ఇంకో చిక్కు హద్దులది. పక్కనే ఉన్న దేవరకొండ డిపో నల్లగొండ రీజియన్‌లో ఉంది, మన డిపోలు మహబూబ్‌నగర్ రీజియన్‌లో ఉన్నాయి. కల్వకుర్తిలో ఆ రెండు వైపుల బస్సులూ కలవాలంటే ఇద్దరు రీజినల్ మేనేజర్లు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకే చార్టు రాయాలి.

చివరిగా, పైఖర్చేమీ లేకుండా రేపే చేయగలిగిన పని ఒకటుంది. రావలసిన పల్లె బస్సు దారిలో ఉందని ఫోనులో తెలిస్తే, దానితో కలవాల్సిన బస్సును పది నిమిషాల దాకా ఆపే అధికారం బస్టాండు కంట్రోలరుకు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ ఆలస్యానికి డ్రైవరును గానీ కండక్టరును గానీ సంజాయిషీ అడగకూడదని కూడా ఆ కాగితంలోనే రాయాలి. ఎందుకు ఆపారో, ఎంతమంది దిగి ఎక్కారో కంట్రోలరు రిజిస్టరులో రాస్తాడు. మూడు నెలలు ఆ రిజిస్టరు చూస్తే ఏ ఊరి బస్సు ఏ బస్సుతో కలవాలో తేలిపోతుంది. జూన్‌లో బడులు, కాలేజీలు తెరిచేనాటికి కొత్త చార్టు దాన్నిబట్టే రాయొచ్చు.