పాట వాళ్లది, పద్దు కంపెనీది

మా హాస్టల్లో రాత్రి పదకొండు దాటితే కొరియా పాటలే. ఆ భాష ఒక్క ముక్క రానివాళ్లు కూడా గొంతు కలుపుతారు. నేనూ కలుపుతాను, దాచడమెందుకు! కాని ఆ పాట వెనక పద్దు చూస్తే మా ఊరి విత్తనాల పంట గుర్తొస్తుంది. కంపెనీవాడు విత్తనమిచ్చి, అడ్వాన్సిచ్చి, పంట తూకమయ్యాక అన్నీ కోసుకుని మిగిలింది మా నాన్న చేతిలో పెడతాడు. అక్కడ పిల్లల్ని పదమూడు, పద్నాలుగేళ్లకే చేర్చుకుని ఏళ్ల తరబడి ఆటా పాటా నేర్పుతారు. ఆ ఖర్చును చాలా కంపెనీలు తర్వాత గ్రూపు సంపాదనలోంచి మినహాయించుకుంటాయి.

టీవీఎక్స్‌క్యూలో ముగ్గురు పదమూడేళ్ల ఒప్పందంపై 2009లో కోర్టుకెక్కారు. అదే ఏడు అక్కడి ప్రభుత్వ నమూనా ఒప్పందం గడువును ఏడేళ్లకు కుదించింది. మంచిదే. అయినా న్యూజీన్స్ అమ్మాయిలు 2024 నవంబరులో బయటికొస్తామంటే, 2025 అక్టోబరులో సియోల్ కోర్టు ఒప్పందం చెల్లుతుందనే తేల్చింది.

కె-పాప్ పని అయిపోయిందనేవారితో నేనేకీభవించను. కంపెనీలకు ఇప్పుడు పరాయి నేలలూ దొరికాయి. 2024లో అమెరికాలో వచ్చిన క్యాట్సై గ్రూపు ఆరుగురిలో కొరియా అమ్మాయి ఒక్కతే. పంటకు ఢోకా లేదు. స్టేజి ఎక్కకుండానే ఇరవై ఏళ్లకు, అంటే నా ఈడుకు, ఇంటికి తిరిగెళ్లే పిల్లల మాటే ఎవరూ ఎత్తరు.