పీఠిక కూడా చదవాలి

ఒకప్పుడు తెలుగులో రాసేవారి బల్ల మీద శబ్దరత్నాకరం, దాని పక్కన బ్రౌన్ నిఘంటువు ఉంటే అదే గొప్ప. సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటాలు కావాలంటే గ్రంథాలయానికి వెళ్లాల్సిందే. ఇప్పుడు ఆంధ్రభారతి నిఘంటుశోధనలో ఒక మాట కొడితే వీటన్నిటిలోని అర్థాలూ వరసగా కనిపిస్తాయి. షికాగో విశ్వవిద్యాలయం వారు బ్రౌన్ నిఘంటువునూ గ్విన్ నిఘంటువునూ అంతర్జాలంలో పెట్టారు. దీని వెనక ఎందరో భాషాభిమానుల ఏళ్ల తరబడి శ్రమ ఉంది. రాసేవాళ్లందరం వారికి రుణపడి ఉన్నాం.

ఇంత సులువులోనూ ఒక చిక్కు ఉంది. మాట కింద నిఘంటువు పేరు కనిపిస్తుంది గానీ, దాన్ని ఎవరి కోసం కూర్చారో కనిపించదు. పుస్తకం తెరిస్తే ముందు పీఠిక ఎదురయ్యేది. తెర మీద నేరుగా అర్థం దగ్గరికే వెళ్లిపోతున్నాం.

సి.పి. బ్రౌన్ 1852లో తన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు అచ్చువేసినప్పుడు కావ్యాల మాటలతో పాటు జనం నోటి మాటలనూ చేర్చాడు. తెలుగు నేర్చుకోవలసిన దొరలకు కచేరీలోనూ సంతలోనూ వినబడే భాష అర్థం కావాలి మరి. బహుజనపల్లి సీతారామాచార్యులు 1885లో తెచ్చిన శబ్దరత్నాకరానికి కావ్యాలే ఆధారం. జయంతి రామయ్య పంతులు ఆధ్వర్యంలో మొదలై, 1936లో తొలి సంపుటం వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువుదీ గ్రాంథిక దృష్టే. 1991 నాటి గ్విన్ నిఘంటువు ఆధునిక తెలుగు కోసం పుట్టింది. వీటి ఉద్దేశాలు వేరు, కాలాలు వేరు. తెర మీద మాత్రం ఒకే వయసు వాళ్లలా పక్కపక్కన నిలబడతాయి.

ఈ తేడా తెలియకపోతే నష్టం రాసేవారికే. పాత నిఘంటువుల్లో ‘చెరువు’ బండి ఱతో, ‘వాడు’ అరసున్నతో ఉంటాయి. క్రియలు చేయు, వచ్చు అన్న రూపంలో ఉంటాయి. ‘చేస్తున్నాడు’ అని వెతికి, దొరకలేదని వదిలేస్తే ఎలా? ఇది చిన్న ఇబ్బంది, అలవాటైతే తీరిపోతుంది. పెద్ద ఇబ్బంది మరొకటి ఉంది. శ్రీకాకుళం నుంచో కరీంనగర్ నుంచో కొత్తగా కథ రాసే పిల్ల, అమ్మ నోట రోజూ విన్న మాటను వెతుకుతుంది. నిఘంటువులో లేదు. తప్పేమోనని కొట్టేసి, అందరికీ తెలిసిన చప్పటి మాట పెడుతుంది. అక్కడ కథకు ఎంత నష్టమో, తెలుగుకూ అంతే నష్టం.

నిఘంటువులో లేని మాట తప్పు మాట కాదని మన పండితులే చూపించారు. అంత పెద్ద సూర్యరాయాంధ్రానికి ఎక్కని మాటలను ఏరి రవ్వా శ్రీహరి మరో నిఘంటువే కూర్చారు. నలిమెల భాస్కర్ తెలంగాణ పదకోశం తెచ్చారు. అన్నిటికన్నా మేలైన దారి మాండలిక వృత్తి పదకోశానిది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన వ్యవసాయ సంపుటం కోసం పరిశోధకులు రైతుల దగ్గరికే వెళ్లి మాటలు సేకరించారు. ఏ మాట ఏ ప్రాంతానిదో కూడా నమోదు చేశారు. సీమ రైతు మడక అంటే, మరోచోట నాగలి అంటారు. రెండూ తెలుగే. చేనేత పదాలకూ ఒక సంపుటం ఉంది. రైతు గురించో నేతగాడి గురించో రాయబోయేవారు వీటిని చూడకుండా కలం పట్టకూడదని మా గట్టి అభిప్రాయం.

కాబట్టి రచయితలకు రెండు విన్నపాలు. రోజూ వెతికే నిఘంటువుల పీఠికలు ఒక్కసారైనా పూర్తిగా చదవండి. ఏ ప్రశ్నకు ఏ నిఘంటువును అడగాలో అప్పుడు తెలుస్తుంది. రెండోది, వెతికిన మాట ఎక్కడా దొరకకపోతే దాన్ని కొట్టేయకండి. తెలుగు విక్షనరీలో ఎవరైనా మాట చేర్చవచ్చు. మీ ఊళ్లో ఆ మాట ఎవరంటారో, ఏ సందర్భంలో అంటారో ఒక వాక్యంతో సహా అక్కడ రాసి పెట్టండి.